బియ్యం డబ్బాలో హార్డ్‌డిస్కు

ఆయన ఫోన్ ఎవరికీ తెరుచుకోలేదు.

ఆయన పోయిన వారంలోనే ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది. ఒంగోల్లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది ఆ పిల్ల. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది.

"మాస్టారూ, నాన్న ఫోన్ పాస్‌వర్డ్ మీకేమన్నా చెప్పాడా? అమ్మ పేరు కొట్టి చూశా, నా పేరు కొట్టా, వాళ్ళ పెళ్ళిరోజు కొట్టా. ఏదీ పట్టలా. ఇంట్లో కంప్యూటరూ అంతే. బియ్యం డబ్బాలో ఉన్న కొత్త డిస్కుకి కూడా తాళం వేసి పెట్టాడు."

"పేర్లూ పెళ్ళిరోజులూ పెట్టే మనిషా అమ్మా మీ నాన్న?" అన్నాను.

"కాదనుకోండి. అమ్మ మాట్లాడింది ఆ ఒక్క ముక్కే కదా మాస్టారూ మిగిలింది. అది ఈ మూడింట్లోనే ఉంది. మూడూ మూసుకుపోయినయ్."

నాలుగోది నా దగ్గర ఉంది. మా బీరువా పై అరలో, దూదిలో చుట్టి, ఒక చిన్న స్టీలు డబ్బాలో ఉంది. ఆయనే ఇచ్చాడు. "మా అమ్మాయి అడిగేదాకా దేనికీ తగిలించొద్దు మాస్టారూ" అని మాట తీసుకుని మరీ ఇచ్చాడు. నేను తగిలించలేదు. అందుకే అది తెరుచుకుంటుందో లేదో నాకూ తెలియదు. పెన్‌డ్రైవులు ఊరికే పడి ఉన్నా చచ్చిపోతాయని చెప్పింది కూడా ఆయనే. పెద్దకర్మ రోజుకు తెస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మా వీధి చివర ఫొటో స్టూడియో ఆయనది. స్టూడియో అంటే పెద్ద హంగేమీ లేదు, ఇంటి అరుగుకు అద్దాల తలుపు బిగించాడు, అంతే. పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయినా, ఓణీల ఫంక్షనైనా, చావైనా ఆయనే వెళ్ళాలి. పెళ్ళి ఊరేగింపుల ముందు ఏళ్ళ తరబడి వెనక్కి నడిచీ నడిచీ, మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా రెండడుగులు వెనక్కి వేసేవాడు. మనం దగ్గరికి జరిగితే ఆయన దూరం జరిగేవాడు. కొత్తవాళ్ళు పొగరనుకునేవాళ్ళు. పొగరేమీ కాదు, మనిషి మొత్తం కంటికి ఆనితే గాని ఆయనకు మాట వచ్చేది కాదు. ఒక కన్ను ఎప్పుడూ సగం మూసే ఉండేది.

ఎదురుపడితే జనం "భోంచేశారా?" అని అడుగుతారు. ఆయన "పీకేశారా?" అని అడిగేవాడు. ఏం పీకాలో మా వీధిలో అందరికీ తెలుసు. మా ఇళ్ళల్లో కంప్యూటర్లు దగ్గరుండి కొనిపెట్టింది ఆయన, బిగించింది ఆయన. పిల్లల ఫొటోలు, పొలం కాగితాలు, సర్టిఫికెట్లు అన్నీ వేరే డిస్కులోకి కాపీ తీసుకోవాలి. తీసిన వెంటనే ఆ డిస్కు వైరు పీకి వేరేచోట పెట్టుకోవాలి. తగిలించి ఉంచితే అది కాపీ కాదంటాడు. "దొంగ ఇంట్లో పడితే బీరువా దోచి, పక్కనున్న పెట్టె వదిలేసి పోతాడా?" అనేవాడు. ఒకసారి మా ఇంటికి కాఫీకి వచ్చి, డిస్కు తగిలించి వదిలేసి ఉండటం చూసి, కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. బడిలో పిల్లలను తిట్టి బతికేవాణ్ణి నేను, నన్ను తిట్టడానికి ఈయన ఎవరు? అయినా ఆయన మా గేటు దాటకముందే పీకేశాను.

ఆయన ఇంట్లో కంప్యూటర్లు రెండు. అరుగు మీదిది వీధి మిషను, లోపలి గదిలోది ఇంటి మిషను. బయటినుంచి వచ్చిన పెన్‌డ్రైవ్ ఎవరిదైనా సరే ముందు వీధి మిషనులోనే పెట్టాలి. అందులో వైరస్ ఉందో లేదో వెతకాలి. ఫొటోలా కనిపించేది నిజంగా ఫొటోనేనా అని పేరు చివరిదాకా చదవాలి. ఆ తర్వాతే ఏదైనా లోపలికి వెళ్ళేది. లోపలి మిషనుకు నెట్ లేదు. కూతురు ఎంత బతిమాలినా పెట్టలేదు. ఆయన తల్లి ఎంత మడి కట్టుకునేదో నాకు తెలియదు గానీ, ఈయన మాత్రం కంప్యూటర్లకు మడి కట్టాడు. ఎవరన్నా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తే "మైల, అక్కడ పెట్టు" అనేవాడు. ఊళ్ళో సర్పంచ్ తెచ్చినా మైలే, మా మసీదు ఇమాంగారు తెచ్చినా మైలే. ఇమాంగారు నవ్వి, అక్కడే పెట్టేవారు.

కాపీ తీసిన డిస్కు బియ్యం డబ్బాలో ఉండేది. అక్కడైతే చెమ్మ తగలదు, దొంగ వెతకడు అని ఆయన లెక్క. ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం అడుక్కి తోసేవాడు. వదిన బియ్యం తీయబోతే సోల దానికి టక్కున తగిలేది. "ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ తెచ్చి నా అన్నంలో కలిపారు" అని అరిచేది. వదిన అంటే ఆయన భార్య. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆవిడ నాకు వదిన.

ఆ అరుపులే ఆయన ఆస్తి. ఏ పెళ్ళికి బయలుదేరాలన్నా కెమెరా పనిచేస్తోందో లేదో చూడటానికి ముందు ఆవిడనే తీసేవాడు. పొయ్యి దగ్గర, పంపు దగ్గర, దండెం మీద బట్టలు ఆరేస్తూ, ఎక్కడుంటే అక్కడ. ఇటు చూడమనేవాడు. ఆవిడ చూసేది కాదు, తిట్టేది. పొద్దున్నే మొదలెట్టాడు చూడమ్మా అని గోడ అవతల ఉన్న మా ఆవిడకు ఫిర్యాదు చేసేది. ఆ తిట్లన్నీ లోపలి మిషనులో 'టెస్టు' అనే ఫోల్డర్లో పడేవి. ఒక్కటీ చెరిపేవాడు కాదు. ఎందుకన్నా ఇవన్నీ అంటే, "పెళ్ళిలో అందరూ కెమెరా కోసం నవ్వుతారు మాస్టారూ. కెమెరాని లెక్కచేయనిది ఈవిడొక్కతే" అన్నాడు.

దసరాకు వదిన ఇంట్లో పనిముట్లన్నీ పూజలో పెట్టేది. చీపురు, రోలు, కుట్టుమిషను, కెమెరా, వాటి పక్కనే ఆ లోపలి కంప్యూటరు. బియ్యం డబ్బాలోంచి డిస్కు కూడా ఆరోజు బయటికి వచ్చేది. ఆయన దాన్ని తగిలించి కాపీ తీస్తుండగానే ఆవిడ పసుపు రాసిన దారం తెచ్చి, కంప్యూటరు పెట్టెకూ డిస్కుకూ కలిపి చుట్టేది. మధ్యనున్న వైరు పొడుగునా కూడా చుట్టి ముడులు వేసేది. మీద ఒక మామిడాకు, ఒక బంతిపువ్వు. మర్నాడు ఆవిడే ఆ దారం విప్పి తులసికోటలో వేసేది, అప్పుడు ఆయన డిస్కు పీకి బియ్యంలో తోసేవాడు. కట్టిన చెయ్యే విప్పాలని వాళ్ళింట్లో ఆనవాయితీ. వేరేవాళ్ళు విప్పితే కట్టినవాళ్ళకు మంచిది కాదంటారు.

ఒక దసరాకు వదిన దారం కట్టింది. సాయంత్రానికే ఒళ్ళు కాలిపోయింది. డెంగ్యూ అన్నారు. చీరాల తీసుకెళ్ళారు, అక్కడినుంచి గుంటూరు తీసుకెళ్ళారు. దారం విప్పడానికి ఆవిడ తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఆయన రోజూ పొద్దున కాఫీ పెట్టుకుని లోపలి మిషను ముందు కూర్చునేవాడు. టెస్టు ఫోల్డర్లోంచి ఒకటి పెట్టుకునేవాడు. తెరమీద ఆవిడ తిట్టేది, ఆయన కాఫీ తాగేవాడు. ఆ గొంతు మా ఇంటిదాకా వినపడేది. మొదట్లో మా ఆవిడ ఉలిక్కిపడి దువా చదువుకునేది. పోనుపోను అలవాటైపోయింది. అక్క తిట్టిందంటే ఇక పిల్లలను బడికి లేపాలి అనుకునేది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి డిస్కు ఇంకా కంప్యూటరుకు తగిలించే ఉంది. బంతిపువ్వు ఎండి నల్లబడింది. "అన్నా, ఇది పీకలేదే?" అన్నాను. అందరినీ ఆయన అడిగే మాట నేను ఆయన్ని అడగడం అదే మొదలు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"దారం ఉంది కదండీ మాస్టారూ."

"విప్పేస్తే పోలా?"

"కట్టిన చెయ్యే విప్పాలి మా ఇంట్లో."

"ఆ చెయ్యి లేదు కదన్నా ఇక."

"అదేనండీ. నేను విప్పితే లేదని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటాలెండి, కాస్త టైమివ్వండి."

"పోనీ ఇంకో డిస్కు తెచ్చి అందులోకన్నా కాపీ తియ్యి."

"తీస్తా. అదీ తీస్తా."

తీయలేదు. నాకు జాలి వేయలేదు, కోపమే వచ్చింది. ఊరందరి చేతా వైర్లు పీకించిన మనిషి తన ఇంట్లో దాన్ని మాత్రం అలా వదిలేసి కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడు గుర్తుచేసినా మాట మార్చేవాడు. కొన్నాళ్ళకు నేను వెళ్ళినప్పుడల్లా దాని మీద తువ్వాలు కప్పి ఉండేది.

ఎండాకాలం వచ్చింది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండగా ఒక సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కాయల మీద పట్టాలు కప్పడానికి పరుగెత్తిన ఒక కౌలు రైతు కల్లంలోనే పిడుగుపడి పోయాడు. ఆ పిడుగుల వానకే అరుగు మీది వీధి మిషను కూడా కాలిపోయింది. దాన్ని బాగుచేయించడానికి గుంటూరు పంపాడు. ఆ రైతు పెద్దకర్మకు ముందురోజు, అతని తమ్ముడు పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

చావింటి పని ఆయన ఎప్పుడూ కాదనలేదు. పెళ్ళివాళ్ళు ఎంత తొందరపెట్టినా పోయినవాళ్ళ ఫొటోనే ముందు చేసేవాడు. "ఫోన్లో పంపలేవా బాబూ?" అని మాత్రం అడిగాడు.

"ఫోన్ అన్న జేబులోనే ఉందండి. అదీ కాలిపోయింది. ఎప్పుడో నెట్ సెంటర్లో దిగిన ఫొటో ఉంటే ఇందులో వేయించుకొచ్చా. ఇదొక్కటే ఉంది సార్."

ఆయన ఆ పెన్‌డ్రైవ్ వంక చూశాడు. మైల అనలేదు. గడ్డం పెరిగి, కళ్ళు వాచి నిలబడ్డ మనిషితో ఆ మాట ఎలా అంటాడు? అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు.

లోపల జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు. పెన్‌డ్రైవ్ నేరుగా ఇంటి మిషనులోనే పెట్టాడు. ఉన్న ఫొటో మసగ్గా ఉంది. దాని పక్కనే ఇంకోటి కనిపిస్తే, అది కాస్త మెరుగ్గా ఉందేమోనని నొక్కాడు. చూడటానికి అదీ ఫొటోలాగే ఉంది. ఏమీ తెరుచుకోలేదు. పక్కన ఆ తమ్ముడు కళ్ళు తుడుచుకుంటుంటే త్వరగా చేసి పంపాలన్న ధ్యాసలో పేరు చివరిదాకా చదవలేదు. మసక ఫొటోనే తీసుకుని, ముఖం మీది నీడ తీసేసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇచ్చి పంపాడు.

మర్నాడు పొద్దున మా ఇంట్లోకి వదిన గొంతు వినపడలేదు. "ఇవాళ అక్క తిట్టలేదే?" అంది మా ఆవిడ.

నేను వెళ్ళాను. కాఫీ గ్లాసు నిండుగా ఉంది, పైన మీగడ కట్టింది. తెరమీద ఫైళ్ళ పేర్లన్నిటికీ చివర ఏదో కొత్త తోక తగిలి ఉంది. ప్రతి ఫోల్డర్లోనూ ఒక ఇంగ్లీషు చీటీ ఉంది. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, తెరవాలంటే సొమ్ము పంపండి, ఫలానా చోటికి రాయండి. ఎంతో మర్యాదగా రాశారు. భయపడవద్దని కూడా రాశారు. రాన్సమ్‌వేర్ గురించి ఆయన మాకు ఎన్నోసార్లు చెప్పాడు. దాని మొహం నేను చూడటం మాత్రం అదే మొదలు.

"డిస్కు?" అన్నాను.

తువ్వాలు తీశాడు. అది ఆ వైరు మీదుగా, ఆ దారం కిందనుంచి డిస్కులోకి కూడా వెళ్ళింది. ఏళ్ళ తరబడి తీసిన పెళ్ళిళ్ళు, పోయినవాళ్ళ ఫొటోలు, అన్నీ పోయాయి. ఆయన వాటిని చూడటం లేదు. రెండుచోట్లా టెస్టు ఫోల్డర్ తెరిచి నాకు చూపించాడు. వరసగా అన్నీ వదినవే. ఒక్కటీ కదలదు.

"ఇక్కడే ఉంది మాస్టారూ. ఎక్కడికీ తీసుకుపోలేదు, సైజు కూడా అంతే ఉంది చూడండి. తలుపేశారంతే" అన్నాడు.

గుంటూరు నుంచి పనితెలిసినతన్ని ఒకణ్ణి పిలిపించాం. వచ్చి అంతా చూశాడు.

"బ్యాకప్ ఏది సార్?"

ఆయన డిస్కు చూపించాడు.

"అది కాదు సార్. విడిగా తీసి పెట్టింది."

"అదే అది."

"తగిలించే ఉంచారా?"

"కట్టి ఉంది బాబూ."

అతను దారం వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. నేను తల తిప్పుకున్నాను. అతను మంచివాడు, ఇంకేమీ అడగలేదు. సొమ్ము పంపినా తెరుస్తారని నమ్మకం లేదు, పంపొద్దన్నాడు. నెట్ లేని మిషను కాబట్టి వైరస్ దీనికంటూ కొత్త తాళం తెప్పించుకోలేదని, దీనికి వేసిన తాళమే ఇంకా చాలామందికి వేసి ఉండొచ్చని, అలాంటి తాళాల చెవులు ఎప్పటికైనా బయటపడొచ్చని చెప్పాడు. "డిస్కు మాత్రం పారెయ్యకండి" అని చెప్పి వెళ్ళాడు.

అతను వెళ్ళాక ఆయన దారం విప్పాడు. పక్కనే కత్తెర ఉంది, ముట్టుకోలేదు. ఒక్కొక్క ముడీ గోళ్ళతో విప్పాడు. ఎండిన పసుపు బల్లమీద రాలింది. దారం మొత్తం వచ్చాక వైరు పట్టుకుని లాగాడు.

"పీకేశాను మాస్టారూ" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఆయన ఎవరినీ ఆ మాట అడగలేదు. ఒకసారి బస్టాండు దగ్గర టీ కొట్లో ఆయన ఈడువాడొకడు అందరిముందూ "ఏరా, పీకేశావా?" అని నవ్వాడు. "లేదురా, పీకలా" అని టీ తాగుతూ కూర్చున్నాడు. నవ్వినవాడి మొహమే మాడిపోయింది. నాకైతే ఆయన తిట్టకపోవడమే బాధగా ఉండేది. డిస్కు కావాలని తగిలించి ఉంచి ఆయన్ని కాఫీకి పిలిచాను. చూశాడు, ఏమీ అనకుండా కాఫీ తాగి వెళ్ళాడు.

ఆ తమ్ముడు కొన్నాళ్ళకు సంచీడు మిరపకాయలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. "ఫొటోలో మా అన్న నవ్వుతున్నట్టే ఉన్నాడు సార్. మా అమ్మ రోజూ దాంతోనే మాట్లాడుద్ది" అన్నాడు. ఆయన అతనికి వైరస్ సంగతి చెప్పలేదు. "ఆ పెన్‌డ్రైవ్ పాడైపోయింది బాబూ, ఇంకెక్కడా పెట్టకు, పారెయ్" అన్నాడు, అంతే. అతను పోయాక మిరపకాయల సంచి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తుమ్ములు వస్తున్నా వదల్లేదు.

ఇంకోరోజు పక్క ఊరి ముసలమ్మ వచ్చింది. గోడ మీది భర్త ఫొటో వానకు తడిసి పాడైందట, ఇంకోటి తీసిమ్మంది. లేదని చెప్తే నమ్మలేదు.

"నీ దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గర ఉంటది నాయనా?"

"తాళం పడిందమ్మా. నా దగ్గర చెవి లేదు."

"పోనీ నీకు గుర్తున్నాడా ఆయన?"

"ఉన్నాడు. ఎడం కనుబొమ్మ మీద చిన్న గాటు. చెవుల మీద వెంట్రుకలు. నవ్వమంటే పళ్ళు కనపడకుండా పెదవి బిగించేవాడు."

"అదీ. అదీ ఆయనే" అంది ముసలమ్మ. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఫొటో దొరికినట్టే వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక ఆయన నాతో అన్నాడు: "ముఖాలు నాకు గుర్తుంటాయి మాస్టారూ. గొంతు గుర్తుండటం లేదు. నిన్నంతా ప్రయత్నించా. మా ఆవిడది రాలేదు."

ఆరోజు నుంచి మనిషి ఇంటిపట్టున లేడు. బండికి పాత ల్యాప్‌టాప్ కట్టుకుని ఇంకొల్లు, మార్టూరు వైపు ఊరూరా తిరిగాడు. మీ పెళ్ళి సీడీ ఉందా అని అడిగేవాడు. పట్టుచీరల మడతల్లో దాచిన సీడీలను ఆడవాళ్ళు కలరా ఉండల వాసనతో తెచ్చి ఇచ్చేవాళ్ళు. సగం బూజు పట్టినవే. పోయిన పెళ్ళిళ్ళు మళ్ళీ పోగుచేసుకుంటున్నాడని జనం అనుకున్నారు. ఆయన వెతికేది వేరు. పెళ్ళి మొదలయ్యేముందు ఎక్కడన్నా ఒక టెస్టు ముక్క కత్తిరించకుండా మిగిలిపోయిందేమోనని.

"ఎక్కడా లేదు మాస్టారూ. అర క్షణం కూడా వదల్లేదు నేను. అంత శుభ్రంగా చేశాను పని, నా మొహం తగలెయ్య" అన్నాడు ఒకనాడు మా గుమ్మంలో కూలబడి.

మా చెల్లెలి నిఖా ఆయన తీసిందే. ఆ సీడీ అంతకుముందే చూశాడు, అందులోనూ ఏమీ లేదు. లోపలినుంచి మా అమ్మ ఆ మాటలు విని వచ్చింది. పెళ్ళైన మర్నాడు మగపెళ్ళివాళ్ళు నంద్యాల బండెక్కే హడావుడిలో, ఆయన తీసింది తీసినట్టే ఒక కాపీ ఇచ్చాడని, మంచిది తర్వాత వచ్చిందని గుర్తుచేసింది. వాళ్ళు మరిచిపోయి వెళ్ళిన ఆ కంగారు సీడీ మా అమ్మ కుట్టుమిషను సొరుగులో, గుండీల డబ్బా కింద ఉంది.

పెట్టాం. ముందు నేల కనిపించింది. తర్వాత ఒక గుమ్మం. గుమ్మంలోంచి వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నం చల్లారిపోతోంది. వస్తారా, ఆ డబ్బా పట్టుకుని అక్కడే ఉంటారా?"

కెమెరా వెనకనుంచి ఆయన గొంతు, నవ్వుతూ: "వస్తున్నానే."

అంతే. ఆ వెంటనే మా ఇంటి ముందు షామియానా వచ్చింది.

ఆయన ఏడవలేదు. నేను మళ్ళీ పెట్టబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ముందు కాపీ" అన్నాడు. రెండోసారి చూడకుండా కాపీ తీశాడు. ల్యాప్‌టాప్‌లోకి తీశాడు, జేబులో ఉన్న మెమరీ కార్డులోకి తీశాడు, ఒక కొత్త పెన్‌డ్రైవ్‌లోకి తీశాడు. తీయడం మంచిదైంది. సీడీ బయటికి లాగితే పైపొర ఊడి వేళ్ళకు అంటుకుంది. అప్పుడు చూశాడు. ఎన్నిసార్లు చూశాడో మరి. మా అమ్మ పక్కనే కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉంది.

వెళ్ళబోతూ ఆ పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు. "ఇంట్లో ఉండేవాటన్నిటికీ తాళాలు వేస్తాను. దీనికి మాత్రం వేయలేదు మాస్టారూ. ఒకటన్నా తాళం లేకుండా వేరే ఇంట్లో ఉండాలి. నా చెయ్యి లేనప్పుడు ఎవరూ ఆగిపోకూడదు" అన్నాడు. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

తర్వాత ఆయన బాగానే బతికాడని చెప్పలేను. పెళ్ళిళ్ళు తీసేవాడు, డిస్కులు పీకేవాడు. వదిన ఉన్న పాత డిస్కు మళ్ళీ బియ్యం డబ్బాలోకి చేరింది, పక్కనే ఇంకో కొత్త డిస్కు చేరింది. ప్రతి అమావాస్యకూ వీధి మిషను ముందు కూర్చుని, ఆ తాళానికి చెవి బయటపడిందేమోనని వెతికేవాడు. బయటపడలేదు. దసరాకు దేనికీ దారం కట్టలేదు.

మొన్న ఒక పెళ్ళి ఊరేగింపు ముందు వెనక్కి నడుస్తూ నడుస్తూ రోడ్డు మీద కూర్చుండిపోయాడట. కూర్చునేముందు కెమెరా జాగ్రత్తగా పక్కన పెట్టాడట. మనిషిని లేపేసరికి లేడు.

పెద్దకర్మకు వెళ్ళాను. ఎవరి పెళ్ళిలోనో ఓ మూల నిలబడ్డ ఫొటో కత్తిరించి దండ వేశారు. అందులో కూడా సగం మొహానికి కెమెరా అడ్డంగా ఉంది. కూతురు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తన ల్యాప్‌టాప్ తెరిచింది. స్టీలు డబ్బాలోంచి దూది విప్పి పెన్‌డ్రైవ్ పెట్టాను. ఏమీ కనపడలేదు. ఆ పిల్ల నా వంక చూడకుండా తెరనే చూస్తోంది. తీసి, చొక్కా అంచుతో తుడిచి, మనసులో బిస్మిల్లా అనుకుని మళ్ళీ పెట్టాను. కాసేపటికి ఒక్క ఫైలు కనపడింది.

నేల, గుమ్మం, వదిన. "అన్నం చల్లారిపోతోంది. వస్తారా, ఆ డబ్బా పట్టుకుని అక్కడే ఉంటారా?"

"వస్తున్నానే."

ఆ పిల్ల ఒక్కసారిగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తల్లి గొంతు కోసం వచ్చిన పిల్ల, అందులో తండ్రి గొంతు కూడా ఉందని మరిచిపోయినట్టుంది. "మళ్ళీ పెట్టండి మాస్టారూ" అంది.

"ముందు కాపీ తీసుకోమ్మా" అన్నాను.

తీసుకుంది. నేను పెన్‌డ్రైవ్ పీకి, దూదిలో చుట్టి, జేబులో పెట్టుకున్నాను. అప్పుడు ఆ పిల్ల తన కాపీ పెట్టుకుని చూసింది. బయట పందిట్లో విస్తళ్ళు వేస్తున్నారు, ఎవరో మమ్మల్ని భోజనాలకు లెమ్మంటున్నారు. లోపల వదిన అన్నం చల్లారిపోతోందని పిలుస్తూనే ఉంది, ఆయన వస్తున్నానంటూనే ఉన్నాడు.